ఒకే నంబరు, రెండు ఫైళ్ళు

పోయిన వారం మనం అద్దాలమ్మాయిని సైనిక రికార్డుల ఆఫీసు గుమ్మంలో వదిలేసి వచ్చాం. చేతిలో రెండు కాగితాలు, పక్కన మామయ్య. మొదటి కాగితం, అమ్మమ్మ పోయాక ఆవిడ పెట్టె అడుగున దొరికిన పాత ఉత్తరం. ఫలానా నంబరు గల సైనికుడు యుద్ధంలో మరణించాడని తెలియజేయడానికి చింతిస్తున్నాం అని పై సగంలో ఉంది. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఉండాల్సిన కింది సగం చిరిగిపోయింది. రెండోది ఈ ఆఫీసు నుంచి వచ్చిన జవాబు. "మీరు అడిగిన నంబరు మీద రెండు ఫైళ్ళు ఉన్నవి. స్వయంగా రాగలరు." ఒక మనిషికి రెండు ఫైళ్ళు ఎందుకుంటాయో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ నంబరు తాతయ్యది, అంటే అమ్మమ్మ భర్తది. ఆయన కోత మిల్లులో వడ్రంగి. యుద్ధం మొదలవగానే వంతెనలు కట్టే దళంలో చేరి వెళ్ళిపోయాడు. అప్పటికి అద్దాలమ్మాయి వాళ్ళ అమ్మకి రెండేళ్ళు. మిల్లులో రంపం ఆయన ఎడమచేతి ఉంగరం వేలు సగం తినేసింది కాబట్టి ఇంట్లో అందరూ ఆయన్ని అరవేలు తాత అనే చెప్పుకుంటారు. ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆయన గురించి ఇంట్లో మిగిలినవి ఆ అరవేలు, ఏ గుమ్మంలోంచి వచ్చినా తల వంచుకునే వచ్చేవాడన్న మాట, ఆ రెండే. అమ్మ కోరిక కూడా చిన్నదే. "మా నాన్న ఎక్కడ పడుకున్నాడో కనుక్కోవే. అంతకంటే నాకేం వద్దు" అంది. మోకాలి నొప్పితో తను రాలేక కూతుర్నీ తమ్ముణ్ణీ పంపింది.

ఆ తమ్ముడే మామయ్య. యాభై నాలుగేళ్ళు. సిటీ బస్సు డ్రైవరు. తండ్రి పోయాక పుట్టినవాడు. యుద్ధంలో చనిపోయినవాళ్ళ పిల్లలకి ఇచ్చే కోటాలో ఆయనకి ఆ ఉద్యోగం వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట చెప్పుకోని రోజు లేదు. కండక్టర్లకి, పాసింజర్లకి, ఎర్రలైటు దగ్గర పక్కన ఆగిన ఆటోవాడికి కూడా చెప్పేవాడు.

రికార్డుల గదిలోకి వెళ్ళేముందు పెన్నులు బయట పెట్టించారు. లోపల రాసుకోవడానికి పెన్సిలే. నాలుగు గోడలకీ ఇనుప అరలు, వాటి మధ్య పొడుగాటి బల్ల, నెత్తిన ట్యూబులైటు, గది నిండా కలరా ఉండల వాసన. బల్లకి అటువైపు కూర్చున్నావిడ ఇంకో ఏడాదిలో రిటైరయ్యేలా ఉంది. ఆవిడ కళ్ళజోడు ఎడమ కాడ మరలో నిలవక జారిపోతోంది. మాట్లాడుతున్నంతసేపూ ఒక వేలితో పైకి తోసుకుంటోంది. అద్దాలమ్మాయికి కళ్ళజోళ్ళ షాపుంది. వీధిలో వాళ్ళంతా ఆ పేరుతో పిలవడానికి కారణం అదే. అలాంటివి చూస్తూ ఊరుకోలేదు.

"ఒక్కసారి ఇలా ఇవ్వండి" అని సంచిలోంచి గోరంత స్క్రూడ్రైవరు తీసి మర బిగించి ఇచ్చింది.

రికార్డులావిడ పెట్టుకుని తల అటూ ఇటూ ఆడించింది. జోడు కదల్లేదు. "ఆరునెలల్నుంచి ఇలాగే ఉందమ్మా" అంది. మొహంలో ఆఫీసుతనం కాస్త తగ్గింది. రెండు ఫైళ్ళు బల్ల మీద పెట్టి, ఒకదాని మీద అరచెయ్యి ఉంచి అంది. "ముందు మొదటిది చూడండి. రెండోది తర్వాత. వరస తప్పితే తల తిరుగుతుంది. నాకే తిరిగింది."

"మా నాన్నగారండీ" అన్నాడు మామయ్య. ఆవిడ అడగలేదు. "నేను కళ్ళు తెరవకముందే పోయారు. ఆయన పేరు మీదే నాకు ఉద్యోగం."

ఆవిడ తలూపింది. ఆయన మొహంలోకి మాత్రం చూడలేదు.

మొదటి ఫైల్లో పై కాగితం సైన్యంలో చేరినప్పటిది. ఊరు, వీధి, భార్య, ఒక కూతురు. ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు. గుర్తులు అన్నచోట: ఎడమచేతి ఉంగరపు వేలు పై సగం లేదు. మామయ్య ఆ వరస మీద వేలు పెట్టి, వేలు తీయకుండా రెండుసార్లు చదివించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి గురించి ఇంట్లోవాళ్ళు కాని మనిషి రాసింది చూడడం ఆయనకి అదే మొదలు.

ఆఖరి కాగితం చిన్నది. అద్దాలమ్మాయి పైకి చదివింది. "జూన్ పదకొండు, తెల్లవారుజాము. నది దాటించు సమయమున మరణించెను. దళపు మేస్త్రీ ఎడమచేతి ఉంగరపు వేలిని బట్టి గుర్తించెను. మెడలోని గుర్తింపు బిళ్ళ లేదు. ఖననం: నదికి తూర్పు గట్టు, మూడో వరస, పంతొమ్మిదో గుర్తు."

అద్దాలమ్మాయి పెన్సిలు తీసి తూర్పు గట్టు, మూడో వరస, పంతొమ్మిది అని తన కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంది, అమ్మ చదవడానికి వీలుగా. యాభై ఐదేళ్ళుగా అమ్మ మోస్తున్న ప్రశ్నకి జవాబు అంతే, ఒక వరస, ఒక అంకె. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని అక్కడితో లేచి వచ్చేసి ఉంటే మనకీ చెప్పుకోవడానికి ఇంకేమీ ఉండేది కాదు.

"ఏ ఏడు జూను?" అన్నాడు మామయ్య.

ఆమె చెప్పింది.

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. అదే ఏడు. ముద్రలో ఉంది, చేతిరాతలోనూ ఉంది. కింద ఇంకో వరస కూడా ఉంది: ఇంటికి మరణవార్త పంపినది జూలై రెండు, భార్య వేలిముద్ర వేసి అందుకున్నది జూలై తొమ్మిది.

మామయ్య పెదాలు కదుపుతూ బల్ల అంచు మీద వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది, మళ్ళీ మొదటి చేతికి వచ్చాడు. అప్పటికి అద్దాలమ్మాయికి విషయం తలకెక్కింది. మామయ్య పుట్టింది మరుసటేడు ఆగస్టు పద్నాలుగున. ఏటా ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి "ఏమే, నేను పుట్టానని గుర్తుందా" అని అడగడం ఆయన అలవాటు.

"అది స్కూల్లో ఎవరో వేసిన తేదీ అయ్యుంటుంది మామయ్యా" అంది తొందరగా. "అప్పట్లో మేష్టార్లు వాళ్ళకి తోచింది వేసేసేవాళ్ళు కదా."

"కాదే. లైసెన్సుకి కావాలంటే ఆస్పత్రికెళ్ళి తెచ్చుకున్నాను. పుట్టిన టైముతో సహా ఉంది."

"అయితే ఇక్కడే తప్పు రాసుంటారు. యుద్ధంలో ఎవరికి తేదీలు గుర్తుంటాయి."

"పద్నాలుగు నెలలు" అన్నాడు మామయ్య. నవ్వబోయాడు. "పద్నాలుగు నెలలు మొయ్యడానికి మా అమ్మ ఏమన్నా ఏనుగా." మాట బయటికొచ్చాక అందులో నవ్వడానికి ఏమీ లేదని ఆయనకే తెలిసింది. అరల వైపు చూస్తూ కూర్చున్నాడు.

అద్దాలమ్మాయికి ఎటు చూడాలో తోచలేదు. తాతయ్య కోసం వెతుకుతూ వచ్చి అమ్మమ్మని పోగొట్టుకుంటామేమో అని మొదటిసారి భయం వేసింది. ఆ అమ్మమ్మ వీధి చివర ఒంటరిగా బట్టలు కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచింది. పరాయి మగాడితో గుమ్మంలో నిలబడి మాట్లాడగా ఎవరూ చూసింది లేదు. ఆవిడ గురించి ఇప్పుడు ఏమని అనుకోవాలి? ఎవర్ని అడగాలి?

రికార్డులావిడ రెండో ఫైలుని మెల్లగా ముందుకి తోసింది.

"ఇది సైనిక ఆస్పత్రిది. నంబరు చూడండి."

అదే నంబరు. ఒక్క అంకె తేడా లేదు. పేరూ అదే, ఇంటి చిరునామా అదే. జూన్ ఇరవై తొమ్మిదిన చేర్చుకున్నారు, అంటే తాతయ్య చనిపోయాడన్న రోజుకి పద్దెనిమిది రోజుల తర్వాత. తలకి దెబ్బ. స్పృహ లేదు. తర్వాత స్పృహ వచ్చినా మాట రాలేదు. గుర్తింపు ఎలా అన్నచోట: చొక్కా జేబులో దొరికిన బిళ్ళను బట్టి. ఆ కింద నాలుగు నెలల మందులూ కట్లూ. ఆఖర్న ఒక చీటీ. "నవంబరు పది నుంచి రెండు వారాలు సెలవుపై స్వగృహమునకు పంపడమైనది."

మామయ్య ఆ చీటీని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఈసారి వేళ్ళు గబగబా మడిచాడు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఆగస్టు దగ్గరకి వచ్చేసరికి తొమ్మిది.

"వచ్చాడే" అన్నాడు. "నాన్న చావలేదు ఆ రోజు. ఇంటికొచ్చాడు. వచ్చి, చూసి, మళ్ళీ వెళ్ళి అప్పుడు పోయాడు. అమ్మ ఎప్పుడూ అనేది కదే. నిన్ను కళ్ళజూడకుండానే పోయాడురా మీ నాన్న అని." చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "నా ప్రాణం తీసేశారమ్మా మీరు" అని రికార్డులావిడతో అన్నాడు. ఇంత ఊరటగా ఎవరితోనైనా తగవు పెట్టుకోవచ్చని అద్దాలమ్మాయికి అంతవరకూ తెలీదు.

రికార్డులావిడ నవ్వలేదు.

మామయ్య జేబులోంచి ఫోను తీశాడు. లోపల ఫోన్లు వాడకూడదని గోడ మీద రాసే ఉంది. ఆవిడ ఆ బోర్డు చూసింది, ఆయన్ని చూసింది, తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంజను పక్కన ఇరవై ఆరేళ్ళు కూర్చున్న చెవులు కాబట్టి ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు.

"అక్కా, నాన్న ఇంటికొచ్చాడట. మధ్యలో సెలవు మీద. నీకు మూడేళ్ళప్పుడు. కాగితం నా చేతిలో ఉంది."

అటు నుంచి అమ్మ గొంతు తాపీగా వచ్చింది. "ఎవరు రావడం?"

"నాన్నే. నవంబర్లో. గుర్తుందేమో చూడు."

"నాన్న రాలేదురా. బాబాయి వచ్చాడు."

ఈ లోపల అద్దాలమ్మాయి ఆస్పత్రి ఫైల్లో మొదటి పేజీ తిరగేసింది. చేర్చుకున్నప్పుడు ఒంటి కొలతలు రాసుకునే పేజీ అది. కొలతలు ఆమె రోజువారీ పని. రెండు కళ్ళ మధ్య దూరం అర మిల్లీమీటరు తేడా వస్తే జోడు మళ్ళీ చేసివ్వాల్సిందే. ఆ పేజీలో ఎత్తు దగ్గర ఐదడుగుల నాలుగు అంగుళాలు అని ఉంది. చేతుల దగ్గర: రెండు చేతులును వేళ్ళును సరిగా ఉన్నవి. ఆమె మళ్ళీ చదివింది. మొదటి ఫైలు పక్కన పెట్టుకుని ఇదీ అదీ చూసింది. కొలిచేవాడు ఒక అంగుళం తప్పు కొలవచ్చు. ఏడంగుళాలు ఎవడూ తప్పడు. తెగిపోయిన వేలు ఏ ఆస్పత్రిలోనూ మళ్ళీ మొలవదు.

"ఏ బాబాయి?" అంటున్నాడు మామయ్య. "నాన్నకి తమ్ముళ్ళెక్కడున్నారు?"

"నాకేం తెలుసురా, బాబాయ్ అని పిలవమంది అమ్మ. చలికాలం అది. నేను తలుపు వెనక దాక్కున్నాను. ఆయన అసలు మాట్లాడేవాడు కాదు. చెప్పుల పట్టీ తెగిపోతే కూర్చుని కుట్టిచ్చాడు, అది గుర్తుంది."

"నువ్వు మూడేళ్ళ పిల్లవి. నాన్న యుద్ధానికెళ్ళి ఏడాదయింది. చిక్కిపోయుంటాడు. పోల్చుకోలేకపోయి ఉంటావు."

"మొహం నాకు గుర్తులేదురా. నాన్నదీ లేదు, ఆయనదీ లేదు. వేళ్ళు గుర్తున్నాయి. నాకు అంకెలు నాన్న చేతి మీదే నేర్పారట. తొమ్మిదిన్నర దగ్గర ఆపి ఇంక లేవమ్మా అనేవాడట. తర్వాత కూడా అమ్మ నాతో అలాగే లెక్క చెప్పించేది. ఈయన చెప్పు కుడుతుంటే పక్కన కూర్చుని లెక్కపెట్టాను. పది వచ్చాయి. పరిగెత్తుకెళ్ళి అమ్మా, బాబాయికి పది ఉన్నాయి అని చెప్పాను. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది."

ఫోను బల్ల మీద ఉంది. మామయ్య చూపు దాని మీదే ఉంది.

"ఎన్నాళ్ళున్నాడక్కా?" అన్నాడు చివరికి.

"గుర్తులేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి లేడు. అమ్మని అడిగితే పోయాడంది." అమ్మ గొంతు మారింది. "ఒరేయ్, ఇదంతా ఎందుకడుగుతున్నావు? నువ్వు పుట్టింది..." అక్కడ ఆగిపోయింది.

"ఊరికే అక్కా. మళ్ళీ చేస్తాను. మోకాలికి ఆ నూనె రాసుకో" అని ఫోను పెట్టేశాడు.

తర్వాత మేనకోడలి వైపు తిరిగాడు. ఆమె అరచెయ్యి కొలతల పేజీ మీద బోర్లా ఉంది. ఎప్పుడు పెట్టిందో ఆమెకే తెలీదు.

"చెయ్యి తియ్యి."

"మామయ్యా, ఇంటికెళ్ళాక నిదానంగా..."

"తియ్యవే."

తీసింది. ఆయన దగ్గరి చూపుకి జోడు కావాలి, తెచ్చుకోలేదు. ఎన్నిసార్లు చేసిచ్చినా ఎక్కడో పెట్టి మర్చిపోతాడు. కాగితం దూరంగా పట్టుకుని కళ్ళు చిట్లించి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు. చదివి కాగితం కింద పెట్టి దాని అంచు బల్ల అంచుకి సమంగా సర్దాడు.

"ఐదు నాలుగు" అన్నాడు. "నన్ను సర్వీసులో చేర్చుకున్నప్పుడు ఐదు నాలుగున్నర. ఆ అర అంగుళం బూట్లది."

"ఎత్తు ఒక్కటే చూసి ఏం తేలుస్తాం. అమ్మమ్మ పొట్టిదే కదా. నీది అమ్మమ్మ పోలిక అని అందరూ అనేవారు."

"అనేవారు. ఇంకేమనాలో తెలియక అనేవారేమో."

రికార్డులావిడ కిటికీ నుంచి ఇటు తిరిగింది. ఆవిడ మాటలు ఆచితూచి వచ్చాయి. "నాకు అర్థమైనంతవరకు చెప్తాను. ఇదే నిజం అని మాత్రం చెప్పలేను. ఆ రాత్రి నది దగ్గర దళాలన్నీ కలిసిపోయాయి. నీళ్ళలోంచి లేచినవాడికి పక్కవాడు తన పొడి చొక్కా విప్పి తొడిగి ఉండొచ్చు. జేబులో బిళ్ళ ఉంది. చొక్కా ఇచ్చినవాడు అక్కడే పోయాడు, వేసుకున్నవాడు తర్వాత ఎక్కడో దెబ్బ తిని ఆస్పత్రికి వచ్చాడు. మాట్లాడలేని మనిషిని ఆస్పత్రివాళ్ళు బిళ్ళ చూసే రాసుకుంటారు. పోయినవాణ్ణి దళంవాళ్ళు వేలు చూసి రాసుకున్నారు. వీళ్ళ కాగితాలు వాళ్ళెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ ఈ రెండు ఫైళ్ళూ వేర్వేరు గదుల్లో ఉన్నాయి. మొన్న అన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తుంటే ఒకే నంబరు రెండుసార్లు వచ్చింది."

"మరి అతన్ని ఇంటికెందుకు పంపారు?" అంది అద్దాలమ్మాయి.

"బిళ్ళని బట్టి అది అతని ఇల్లే కదమ్మా."

అంతవరకు సరే. అక్కడి నుంచి అద్దాలమ్మాయి బుర్ర ఒక దారిన నడవనంది. జూలైలోనే అమ్మమ్మ మరణవార్త అందుకుంది, వేలిముద్ర వేసింది. నవంబర్లో ఎవరో తలుపు కొట్టారు. ఎవరో మనిషి, భర్త పేరు రాసిన సెలవు చీటీ చేతిలో పట్టుకుని, నోట మాట లేకుండా నిలబడ్డాడు. ఆవిడ అతన్ని వెళ్ళగొట్టలేదు. పిల్లతో నాన్న అనిపించలేదు, బాబాయ్ అనిపించింది. ఆఫీసుకి వెళ్ళి ఇతను మావాడు కాదని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెబితే అతన్ని మళ్ళీ యుద్ధానికి తోలేస్తారనా? భర్త చొక్కా వేసుకున్నవాడు కాబట్టి ఆఖరి మాటలేమైనా తెలిసి ఉంటాయనా? అతనికి మాట రాలేదే, ఏం చెప్పి ఉంటాడు? లేకపోతే ఆ రెండు వారాలూ ఆవిడకి ఎవరో ఒకరు ఇంట్లో ఉంటే చాలనిపించిందా? ఏ వైపు నుంచి ఆలోచించినా సగం దూరం వెళ్ళేసరికి అమ్మమ్మ వెనక్కి తిరిగి పొమ్మన్నట్టే ఉంది.

ఒక్కటి మాత్రం ఆమెకి పట్టుబడింది. "నిన్ను కళ్ళజూడకుండానే పోయాడురా." అమ్మమ్మ ఎప్పుడూ ఆ మాటే అనేది. చచ్చిపోయాడు అని ఏనాడూ అనలేదు. పోయాడంటే ఇంట్లో అందరూ చావనే అనుకున్నారు. పోవడమంటే నడిచి వెళ్ళిపోవడం కూడా అని ఒక్కరికీ తట్టలేదు. అమ్మమ్మ అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు.

"మా అమ్మ..." అని మొదలుపెట్టి ఆగాడు మామయ్య.

"అమ్మమ్మని ఏమీ అనకు మామయ్యా."

"అనడం లేదే. ఏమనాలో తెలిస్తే కదా అనడానికి." ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. "యాభై నాలుగేళ్ళ నుంచి అమరవీరుడి కొడుకుని. స్కూల్లో జెండా నాకే ఎగరెయ్యమనేవారు. ఉద్యోగం ఆయన పేరు మీదే ఇచ్చారు. ఇప్పుడు డిపోకెళ్ళి ఏం చెప్పను? నేను ఆయన కొడుకుని కాదు, ఇన్నేళ్ళూ నడిపిన బస్సు వెనక్కి తీసుకోండి అనా?"

"నిన్నెవరూ అడగరు."

"నన్ను నేనే అడుగుతున్నానుగా." చిన్నపిల్లాడిలా మొదటి ఫైలుని వేలితో తాకాడు. "ఈయన్ని నాన్నా అనుకుని ఎన్నిసార్లు మాట్లాడానో తెలుసా. ఫ్లైఓవరు దిగుతుంటే బ్రేకు పట్టనప్పుడు ఈయన్నే తలుచుకున్నాను. పట్టింది. మరి ఆ బ్రేకు పట్టించింది ఎవరు?"

అద్దాలమ్మాయి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆయన తీసెయ్యలేదు.

"చొక్కా ఇచ్చింది నిజమైతే" అంది కాసేపటికి, తనకే నమ్మకం చాలని గొంతుతో, "అరవేలు తాత ఆ చొక్కా ఇవ్వకపోతే నువ్వుండేవాడివి కాదు మామయ్యా. ఎలా చూసినా నువ్వు ఆయన వల్లే ఉన్నావు."

మామయ్య ఆ మాటని వెంటనే తీసుకోలేదు. "బాగానే చెప్పావు" అన్నాడు. "ఇంటికెళ్ళాక ఇంకోసారి చెప్పు. ఇప్పుడు సరిగ్గా ఎక్కలేదు."

లేవబోయాడు. అద్దాలమ్మాయి కాగితాలు సర్దుతోంది. అప్పుడు రికార్డులావిడ "ఒక్క నిమిషం" అంది.

ఆస్పత్రి ఫైలు చివరి పేజీ తిప్పి చూపించింది. సెలవు ముగిసిన తర్వాత హాజరు కాలేదు, ఫైలు మూయడమైనది అని యాభై ఐదేళ్ళ కిందటి ముద్ర. దాని వెనక కొత్త కాగితం ఒకటి పిన్ను కొట్టి ఉంది, తెల్లగా, మడత కూడా పడకుండా.

"ఇది చూపించాలా వద్దా అని పొద్దుట్నుంచి ఆలోచిస్తున్నాను" అందావిడ. "ఈ నంబరు అడిగింది మీరొక్కరే కాదు. పోయినేడాది మార్చిలో ఒక దరఖాస్తు వచ్చింది. ఫలానా సైనికుడి సమాధి ఎక్కడుందో తెలపండి అని. అప్పటికి ఫైళ్ళు దొరకలేదని రాసేశాం."

అద్దాలమ్మాయి కాగితం దగ్గరికి లాక్కుంది. తను నింపిన ఫారం లాంటిదే. అవే గడులు. మరణించిన సైనికుని నంబరు దగ్గర తాతయ్య నంబరు. పేరు దగ్గర తాతయ్య పేరు. దరఖాస్తుదారుని పేరు దగ్గర కూడా తాతయ్య పేరే. పొరపాటున రెండుసార్లు రాశారేమో అనుకుంటూ కింది గడిలోకి వెళ్ళింది. మరణించిన సైనికునితో దరఖాస్తుదారునికి గల బంధుత్వం అని అచ్చు వేసి ఉంది. ఆమె తన ఫారంలో అక్కడ మనవరాలు అని రాసింది.

ఇక్కడ వణుకుతున్న చేత్తో రెండే అక్షరాలు రాసి ఉన్నాయి.

నేనే.

"చదువు" అన్నాడు మామయ్య.

ఆమె చదవలేకపోయింది. కాగితం ఆయన వైపు తిప్పింది. ఆయన దాన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"తన సమాధి ఎక్కడుందని తనే అడుగుతున్నాడా?" అంది అద్దాలమ్మాయి. "లేకపోతే... ఎవరి సమాధి అడుగుతున్నాడు? ఈయన ఎవరు? ఇద్దర్లో ఎవరు?"

"నాకు తెలీదమ్మా. ఉత్తరాల్లోనే తెలిసిన మనిషి. మొన్న ఫైళ్ళు దొరకగానే, నియమం ప్రకారం అడిగిన వాళ్ళందరికీ రాయాలి. మీకు రాసిన రోజే ఆయనకీ రాశాను." ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "మీరు ఎదురుపడకూడదనే మీకు ఒకటిన్నర టైము ఇచ్చాను. గంటలో అయిపోతుందనుకున్నాను. ఆయనకి మూడింటికి రమ్మన్నాను."

గోడ గడియారంలో మూడుకి పది నిమిషాలుంది.

"మామయ్యా, పద" అంది అద్దాలమ్మాయి సంచి అందుకుంటూ. "అమ్మతో మాట్లాడకుండా ఇది మనం తేల్చేది కాదు. పద, వెనక మెట్ల మీంచి వెళ్ళిపోదాం."

మామయ్య లేచాడు. వస్తున్నాడనే అనుకుంది. ఆయన వంగి, కుర్చీ వీపు పట్టుకుని, బల్ల వైపు ఉన్నదాన్ని తలుపు వైపు తిప్పుకుని, మళ్ళీ అందులోనే కూర్చున్నాడు.